వాసన కోసం వేసిన మిరపకాయ

మా తమ్ముడు ఆర్విల్‌కి బూడిదరంగు సూటు ఒకటి ఉంది. నేను ఆసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్లూ నా యూనిఫారానికి పెట్టుకున్న ఇస్త్రీ కంటే ఆ సూటుకి పెట్టిన ఇస్త్రీయే ఎక్కువ. అది వేసుకుని వాడు పెళ్లికి వెళ్లింది లేదు, చర్చికి వెళ్లింది లేదు. ఫుట్‌బాల్ క్లబ్బుల్లో మేనేజర్ ఉద్యోగం ఇంటర్వ్యూలకు మాత్రమే వెళ్లేవాడు. వెళ్లిన ప్రతిసారీ చేతులూపుకుంటూ తిరిగొచ్చేవాడు.

ఫుట్‌బాల్‌లో మేనేజరంటే ఆఫీసులో కూర్చునేవాడు కాదు. ఎవరు ఆడాలో, ఎక్కడ ఆడాలో, ఎలా ఆడాలో అంతా అతనే చెప్పాలి. గెలిస్తే దండలు, ఓడితే తిట్లు. మా ఆర్విల్ మోకాళ్లు అరిగేదాకా ఆడి, ఆ తర్వాత కోచింగ్‌లో ఉన్న పరీక్షలన్నీ రాసి, పట్టాలన్నీ తెచ్చుకుని గోడకి తగిలించుకున్నాడు. మేముండేది బర్మింగ్‌హామ్‌లో, హ్యాండ్స్‌వర్త్ పేటలో. అమ్మానాన్నలు జమైకా నుంచి ఓడలో వచ్చి ఈ చలిలో కుదురుకున్నవాళ్లు. ఇక్కడ ఏ మైదానానికి వెళ్లినా పరుగెత్తే కుర్రాళ్లలో సగం మంది మావాళ్లే కనబడతారు. మైదానం గీత పక్కన పొడుగు కోటు వేసుకుని అరిచేవాడు మాత్రం ఎప్పుడూ తెల్లవాడే. అంత బాగా పరుగెత్తే కాళ్ల పైన ఒక తలకాయ కూడా ఉంటుందని ఎవరికీ తోచలేదేమో.

దీని మీద పేపర్లలో గొడవైంది. గొడవైతే ఈ క్లబ్బులన్నిటి మీదా ఉండే లీగు పెద్దలు ఏం చేస్తారు? ఒక రూలు పెట్టారు. ఏ క్లబ్బయినా మేనేజర్ని తీసుకునే ముందు కనీసం ఒక నల్ల అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చెయ్యాలి, లేకపోతే ఆ నియామకం చెల్లదు. కూర్చోబెట్టాలని రాశారు గానీ, వాడు చెప్పేది వినాలని రాయలేదు. అక్కడే వచ్చింది తంటా.

రూలు వచ్చిన రోజు మా ఇంట్లో పండగ చేసుకున్నాం. ఆ తర్వాత మావాడి బతుకు బస్సుల్లోనే గడిచింది. ఏ క్లబ్బులో మేనేజర్ని పీకేసినా మర్నాడు మా ఇంట్లో ఫోను మోగేది. వాడు పాపం ఆ క్లబ్బు ఆటల వీడియోలన్నీ ముందేసుకుని చూసేవాడు. గోల్ ఎందుకు పడింది, ఎవరు ఎక్కడ నిలబడాల్సింది అని చుక్కలుండే డామినో ముక్కలు నా భోజనాల బల్ల మీద పేర్చి రిహార్సల్ చేసేవాడు. తీరా వెళ్తే అక్కడ అడిగేది వేరు.

"ఏమడిగార్రా?" అనేదాన్ని గుమ్మంలోనే.

"చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డావని అడిగారు."

"ఫుట్‌బాల్ గురించి?"

"బిస్కెట్లు ఎలా ఉన్నాయని అడిగారు. బాగున్నాయన్నాను. చాక్లెట్‌వి, అక్కా. క్రితంసారి క్లబ్బువాళ్లు మెత్తబడ్డవి పెట్టారు."

చివరికి క్లబ్బుల్ని బిస్కెట్లతో గుర్తుపెట్టుకునే స్థితికొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు అన్నం వండుతూ అనేశాను. మేం ఆదివారం కొబ్బరిపాలు పోసి, రాజ్మా వేసి అన్నం వండుతాం. అది ఉడికేటప్పుడు ఒక ఎర్ర మిరపకాయని తుంచకుండా, గాటు పెట్టకుండా, కాయపళంగా పైన పెడతాం. కొరికితే ప్రాణం పోయేంత కారం. అందుకే దాన్ని తినం. వాసన అన్నానికి పట్టగానే పక్కకి తీసి పడేస్తాం.

"ఒరే ఆర్విల్, నువ్వు ఈ మిరపకాయవిరా. వాసనకి కావాలి, కంచంలోకి అక్కర్లేదు," అన్నాను.

వాడు నవ్వాడు గానీ ఆ పూట సరిగ్గా తినలేదు. అన్నందుకు నాకూ బాధేసింది. కానీ మాట నిజం.

ఇలా ఉండగా లాసెల్స్ డాకిన్స్ గారు పోయారు. ఆయన కూడా మావాడిలాంటి వాడే, మావాడికంటే పెద్దవాడు. తల నెరిసేదాకా ఇంటర్వ్యూలకు తిరిగి, ఒక్క ఉద్యోగమూ చూడకుండా కన్నుమూశాడు. భార్య ఆయన్ని ఇంటర్వ్యూ సూటులోనే పాతిపెట్టించింది. "పైన కూడా ఎవరో ఒకరు పిలుస్తారు, సిద్ధంగా ఉండనీ," అంది. ఏడవాలో నవ్వాలో తెలియక అందరం ఒకేసారి రెండూ చేశాం.

సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి హాల్లో భోజనాలు. ఒక మూల డామినోల బల్ల దగ్గర మావాడితో కలిపి నలుగురు కూర్చున్నారు. నలుగురూ ఒకే రకం సూట్లు. చూడగానే తెలిసిపోయింది నాకు. ఈ చుట్టుపక్కల పట్టాలున్న నల్ల కోచ్‌లంతా ఆ బల్ల చుట్టూనే ఉన్నారు. ఒకళ్లకొకళ్లు ఎలా పరిచయం అనుకున్నారు? క్లబ్బుల వెయిటింగు గదుల్లోనే. మా ఆర్విల్ ముక్కని బల్ల మీద ఎంత గట్టిగా కొట్టాడంటే పాస్టరు గారి చేతిలో సూపు ఒలికింది.

"ఇక నేను వెళ్లను. ఫుట్‌బాల్ గురించి ఒక్క ప్రశ్న అడుగుతామని మాటిస్తేనే వెళ్తా. లేకపోతే ఎవడు పిలిచినా వెళ్లను," అన్నాడు.

మిగతా ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ చేతిలో ముక్కల్ని బోర్లించారు. మా ఆటలో ముక్క బోర్లిస్తే మాట ఇచ్చినట్టే. అలా మొదలైంది ఇంటర్వ్యూల సమ్మె. జెండా లేదు, నినాదం లేదు, ఊరేగింపు లేదు. ఇంట్లో కూర్చోవడమే ఉద్యమం.

దాని దెబ్బ మొదట తగిలింది హాకెల్ టౌన్ క్లబ్బుకి. చిన్న క్లబ్బు, లీగు పట్టికలో అట్టడుగున ఉంది. దాని ఛైర్మన్ క్లైవ్ థర్‌గుడ్, బాత్‌రూమ్ టైల్స్ వ్యాపారి. పాత మేనేజర్ని పీకేసి, మిక్కీ స్టోబర్ట్ అనేవాణ్ణి పెట్టుకుందామని ముందే అనుకున్నాడు. మిక్కీ ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. ఏ క్లబ్బులో చేరినా ఆ క్లబ్బు కిందికి జారుతుంది. వాళ్లు పీకేస్తే ఇంకో క్లబ్బువాళ్లు 'అనుభవం ఉన్నవాడు' అని తీసుకుంటారు. థర్‌గుడ్ అతనికి కండువా కప్పి ఫొటో కూడా తీయించేశాడట. ఇక మిగిలింది రూలు ప్రకారం ఒక నల్ల మనిషికి బిస్కెట్లు పెట్టడమే.

ఆ నల్ల మనిషే దొరకలేదు. డామినోల బల్ల దగ్గరి ఒకాయన తనకి కాలి బొటనవేట్లో గౌటు నొప్పన్నాడు. ఇంకొకాయన మనవరాలి బాప్తిస్మం అన్నాడు, ఆ మనవరాలు ఇంకా పుట్టనేలేదు. మూడో ఆయన ఫోనెత్తి "ఆయన ఇంట్లో లేడండీ" అని తన గొంతుతోనే చెప్పేశాడు. మా ఇంటికి వచ్చిన ఫోను నేనే ఎత్తాను.

"మేడమ్, ఆర్విల్ గారిని ఒక్క పావుగంట పంపించండి చాలు," అన్నాడు థర్‌గుడ్.

"ఫుట్‌బాల్ గురించి అడుగుతారా?"

"అంటే... పావుగంటే కదా మేడమ్."

"అయితే టైల్స్ గురించి అడగండి. మా బాత్‌రూములో రెండు ఊడాయి," అని పెట్టేశాను.

మేనేజర్ లేకుండా హాకెల్ వాళ్లు బట్టలుతికే ఆయన్ని గీత పక్కన నిలబెట్టి ఆడారు. ఓడారు. మళ్లీ ఆడారు, మళ్లీ ఓడారు. జనం థర్‌గుడ్ కారు మీద గుడ్లు కొట్టారట. అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను అప్పుడే పొయ్యి మీద నుంచి అన్నం దించుతుంటే తలుపు చప్పుడైంది.

తీసి చూద్దును కదా, గుమ్మంలో ఇద్దరు. ముందు థర్‌గుడ్, కొబ్బరి చిప్పలా గుండ్రటి మొహం. వెనకాల చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన. ఆయన థర్‌గుడ్ మామగారు, హోరేస్ బేలిస్. క్లబ్బు మైదానం ఆయనదే కాబట్టి ఇంటర్వ్యూలో రెండో మనిషిగా ఆయన ఉండాలి. మామూలుగా అయితే ఆ సేపు నిద్రపోతాడట.

"మీరు రానంటే మేమే వచ్చేశాం," అన్నాడు థర్‌గుడ్ పళ్లన్నీ కనబడేలా. "ఇక్కడే కానిచ్చేద్దాం. గుమ్మంలో నిలబడినా పర్లేదు."

ఆర్విల్ మేడ మీద నుంచి పైజామాతో దిగొచ్చాడు. నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. మా అమ్మ పోయి చాలా ఏళ్లయినా ఈ ఇంట్లో ఆవిడ రూలొకటి ఇంకా నడుస్తోంది. లీగు రూలు కంటే గట్టిది. ముందుగదిలో కాలు పెట్టిన వాళ్లు తినకుండా వెళ్లకూడదు. కంచం ఖాళీ అయ్యేదాకా పని మాట ఎత్తకూడదు.

"లోపలికి రండి. అన్నం తిందురు గాని," అన్నాను.

"అబ్బే, టైము లేదు మేడమ్..."

"క్లైవ్, వాసన చూశావా?" అన్నాడు ముసలాయన. అప్పటికే ఆయన సోఫా దాకా వెళ్లిపోయాడు.

మా ముందుగది అమ్మ వదిలివెళ్లినట్టే ఉంది. గాజు చేపలు, అల్లిక గుడ్డలు, గోడ మీద అమ్మ ఫొటో, ప్లాస్టిక్ తొడుగు తీయని సోఫా. దాని మీద కూర్చుంటే పిర్రలు జారతాయి, లేస్తే బాతు అరిచినట్టు చప్పుడు. థర్‌గుడ్ కూర్చోగానే బాతు అరిచింది. ఆయన మొహం ఎర్రబడింది.

కంచాలు పెడుతూ కిటికీలోంచి చూస్తే బయట కారులో ఇంకో మనిషి కనబడ్డాడు. మెడలో హాకెల్ కండువా.

"ఆయనెవరు?" అన్నాను.

"ఆయనా... డ్రైవరు," అన్నాడు థర్‌గుడ్.

"మిక్కీ స్టోబర్ట్," అన్నాడు ముసలాయన. "ఇక్కడ పావుగంట అవగానే సంతకం పెట్టించాలని తెచ్చాడు మా అల్లుడు."

ఆర్విల్ మొహం చూడలేకపోయాను. పైజామాతో నిలబడి ఉన్నవాడి మీద నాకు ఎన్నడూ రానంత జాలి వచ్చింది. ఆ జాలి వెంటనే కోపం అయింది, నాకు ఏదైనా చివరికి కోపమే అవుతుంది. అయినా ఆదివారం పూట మా గుమ్మం ముందు ఆకలితో ఎవరూ కూర్చోకూడదు. ఒక కంచం నిండా అన్నం, మేక కూర పెట్టి కారు అద్దంలోంచి అందించాను. మిక్కీ "దేవత మీరు" అన్నాడు. మనిషి మంచివాడే, అది ఒప్పుకోవాలి.

నేను ఆ కంచం ఇచ్చి వచ్చేసరికి లోపల ప్రళయం మొదలైంది. థర్‌గుడ్‌కి టైము లేదు కదా, ఎవరూ వడ్డించకుండానే గిన్నెలోంచి తనే తోడుకున్నాడు. పైన నేనింకా తీయని, ఎర్రగా నిగనిగలాడుతున్న కాయను చూసి టమాటో అనుకున్నాడు. నా కళ్లముందే దాన్ని ఫోర్కుతో గుచ్చి, కాయపళంగా నోట్లో వేసుకుని, కసుక్కున కొరికాడు.

"అయ్యో! అది తినేది కాదండీ!" అని ఆర్విల్ అరిచాడు.

థర్‌గుడ్ ఏదో అనబోయాడు. గొంతు రాలేదు. మొహం ముందు ఎర్రగా, తర్వాత వంకాయ రంగులో, ఆ తర్వాత పేరు లేని రంగులో తిరిగింది. కళ్లల్లో నీళ్లు, ముక్కులో నీళ్లు. సోఫా మీద ఎగిరెగిరి పడుతుంటే బాతులు గుంపుగా అరుస్తున్నాయి. నేను వంటింట్లోకి పరుగెత్తి పాల డబ్బా తెచ్చి చేతికిచ్చాను. ఎందరో రోగుల్ని చూసిన చేతులు ఇవి. చావడని తెలుసు. మాట్లాడలేడని కూడా తెలుసు.

హోరేస్ గారు అల్లుడి వంక ఒకసారి చూసి, మళ్లీ కూర కలుపుకున్నాడు. ముద్ద మింగి, మూతి తుడుచుకుని, కంచం పక్కన పెట్టాడు.

"నా కంచం ఖాళీ. ఇక అడగొచ్చా అమ్మా?" అన్నాడు నాతో.

"అడగండి."

"ఈ ప్రశ్న మా క్లబ్బుకి వచ్చిన ప్రతి మేనేజర్నీ అడుగుదామనుకుంటా. మా అల్లుడు అడగనివ్వడు, లేకపోతే నాకు నిద్రొస్తుంది." ఆర్విల్ వైపు తిరిగాడు. "అబ్బాయ్, అవతలివాళ్లకి మూల నుంచి కార్నర్ కిక్ వచ్చిన ప్రతిసారీ మనకి గోలెందుకు పడుతోంది?"

థర్‌గుడ్ పాలు గుటకలేస్తున్నాడు. ఇన్నేళ్లు ఈ ప్రశ్న కోసం మా ఆర్విల్ సూటు వేసుకుని తిరిగాడు. చివరికి అది పైజామాలో ఉండగా వచ్చింది. ఏడుస్తాడేమోనని భయపడ్డాను, నాకే ఏడుపొచ్చింది.

వాడు ఏడవలేదు. లేచి వెళ్లి డామినోల పెట్టె తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు.

"ఇది గోలు," అన్నాడు ఉప్పు సీసా, మిరియాల సీసా దూరంగా నిలబెట్టి. "ఇదిగో మీ పొడుగాటి కుర్రాడు. వాళ్ల పొడుగాటి వాణ్ణి కాయమని వీడికి చెప్పారు. వాళ్లవాడు తెలివైనవాడు. బంతి రాకముందే ఇటు దూరంగా పరుగెత్తుతాడు. మీవాడు తోకలా వాడి వెంట పోతాడు. ఇప్పుడు చూడండి, ఉప్పు సీసా దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు," అన్నాడు హోరేస్ గారు.

"వాళ్ల పొట్టివాడు వచ్చి ఊరికే కాలు అడ్డం పెడతాడు. గోలు. ఈ సీజనంతా అదే గోలు, సార్. మళ్లీ మళ్లీ అదే."

"మరేం చెయ్యాలి?"

"పొడుగాటి వాణ్ణి ఉప్పు సీసా దగ్గర నిలబెట్టి కదలొద్దని చెప్పాలి. వాడు మనిషిని కాదు, చోటుని కాయాలి. పారిపోయేవాణ్ణి పోనివ్వండి. బంతి లేకుండా వాడు ఎక్కడికి పోతే మనకేం?"

ముసలాయన చేతికర్రతో నేలని టకటకా కొట్టాడు. "అదీ! అదేనయ్యా నేను చెప్పేది! మూడో వరసలో కూర్చుని అరిచి అరిచి గొంతు పోయింది నాకు!" ఆ తర్వాత ఇద్దరూ ఒకళ్ల మాట ఒకళ్లు వినకుండా వాదించుకోవడం మొదలెట్టారు. గోల్‌కీపర్ కుడివైపు ఎందుకు పడతాడు, మధ్యలో ఆడే కుర్రాడు బంతిని వెనక్కే ఎందుకు తంతాడు. మా కారం సీసా జట్టు కెప్టెన్ అయింది. ఆ బల్ల దగ్గర నా తమ్ముడు ఇన్నేళ్లలో మొదటిసారి మనిషిలా కనబడ్డాడు నాకు.

"ఆ మిక్కీని కూడా పిలవండమ్మా," అన్నాడు హోరేస్ గారు. "న్యాయం న్యాయమే. అతన్నీ అడుగుదాం."

మిక్కీ ఖాళీ కంచంతో లోపలికొచ్చాడు. ఇంకొంచెం ఉందా అని అడిగాడు. వడ్డిస్తుండగా అదే ప్రశ్న అడిగారు.

"కార్నర్లా?" మిక్కీ ఆలోచించాడు. "కుర్రాళ్లలో కసి ఉండాలి సార్. కసి ఉంటే గోలు పడదు."

"సరే. ఉప్పు సీసా దగ్గర ఎవరు నిలబడాలి?"

"కసి ఉన్నవాడు."

"పొడుగాటి వాడా, పొట్టివాడా?"

"ఎవరికి కసి ఎక్కువుంటే వాడు." తర్వాత పాపం తనే తల గోక్కున్నాడు. "నిజం చెప్పనా? నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. హోటల్లో కాఫీ తాగుతాం, చేతులు కలుపుతాం, మర్నాడు ఉద్యోగం. ఇంటర్వ్యూ అంటే ఇలా ఉంటుందా? కష్టమే."

"బిస్కెట్లు పెడతారు," అన్నాడు ఆర్విల్.

"నిజంగానా? నాకెప్పుడూ పెట్టలేదు!" అన్నాడు మిక్కీ నొచ్చుకుంటూ.

అప్పుడు హోరేస్ గారు కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. బాతు అరిచింది. "ఇద్దర్నీ అడిగాం. నా ఓటు ఆర్విల్‌కి. క్లైవ్, నువ్వేమంటావు? ఇతన్ని తీసుకుందామా?"

సరిగ్గా అదే క్షణంలో నేను పాల డబ్బా చూపించి, "ఇంకొంచెం పొయ్యనా?" అన్నాను. దేవుడి మీద ఒట్టు, కావాలని అనలేదు. థర్‌గుడ్ కళ్లు మూసుకుని, నాలుక బయటపెట్టి, తల పైకీ కిందికీ పైకీ కిందికీ ఊపాడు. అంత గట్టిగా ఒప్పుకున్న మనిషిని నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

"రెండు ఓట్లు," అన్నాడు హోరేస్ గారు. "అయిపోయింది."

థర్‌గుడ్ "ఆ... ఆ..." అంటూ చేతులు అడ్డంగా ఊపాడు. నేను పాలు పోశాను. తాగకుండా ఉండలేకపోయాడు. గొంతు వచ్చేసరికి ముసలాయన ఆర్విల్‌తో చేతులు కలిపేసి, మైదానం ఎవరిదో అల్లుడికి గుర్తుచేసేశాడు. మిక్కీ తన మెడలో కండువా తీసి పైజామాతో ఉన్న ఆర్విల్ మెడలో వేశాడు.

"మీకు బాధగా లేదా?" అన్నాను గుమ్మం దాకా సాగనంపుతూ.

"నాకేం పర్లేదండీ," అన్నాడు మిక్కీ మనస్ఫూర్తిగా. "క్రిస్మస్ లోపల ఇంకోటి దొరుకుద్ది. నాకెప్పుడూ దొరుకుద్ది."

అందులో వెటకారం ఏమీ లేదు. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

ఆ శనివారం ఆర్విల్ బూడిదరంగు సూటు వేసుకుని గీత పక్కన నిలబడ్డాడు. పొడుగాటి కుర్రాడు చోటుని కాచాడు. కార్నర్లో గోలు పడలేదు. ఆ తర్వాతి వారం కూడా పడలేదు. అట్టడుగున ఉన్న క్లబ్బు మెల్లగా మధ్యకి ఎక్కింది. జనం మావాడి పేరు మీద పాట కట్టారు. అందులో ప్రాస లేదు, బూతు మాత్రం ఉంది. నేను మూడో వరసలో హోరేస్ గారి పక్కన కూర్చుని పాడాను. చర్చిలో కూడా అంత గట్టిగా పాడలేదు.

వసంతం వచ్చేసరికి ఇద్దరు ఆటగాళ్లకి కాళ్లు విరిగాయి. వరసగా కొన్ని ఓడారు. మావాడికి ముందున్న మేనేజరు నెలల తరబడి ఓడినా 'పాపం, టైమివ్వాలి' అన్నారు. మావాడి దగ్గరికొచ్చేసరికి ఎవరి గడియారంలోనూ టైము లేదు. హోరేస్ గారు తుంటి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నారు. అది చూసుకుని థర్‌గుడ్ మా ఆర్విల్‌ని ఫోన్లో ఒక మెసేజ్ పెట్టి తీసేశాడు. మెసేజ్ చివర నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టాడు.

ఆర్విల్ వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. డామినోల బల్ల మిత్రులు ముగ్గురూ వచ్చారు. ఏమంటారోనని చూస్తే ఒకాయన వాడి వీపు తట్టి, "తీసేశారంటే, పెట్టుకున్నట్టే కదరా! మాలో ఎవర్నైనా ఎవడైనా తీసేశాడా?" అన్నాడు. ఆ మాటకి మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. నేను తలా ఒక గ్లాసు రమ్ము పోశాను. విచారమో పండగో తెలియలేదు, రెండిటికీ మేం పోసేది రమ్మే.

ఇంతలో ఫోను మోగింది. థర్‌గుడ్. అందరికీ వినబడేలా పెట్టాడు ఆర్విల్.

"ఆర్విల్, ఎలా ఉన్నావు? ఏం లేదూ, చిన్న సాయం కావాలి. మిక్కీని తీసుకుందామనుకుంటున్నాం, పాపం ఖాళీగా ఉన్నాడు. రూలు సంగతి నీకు తెలుసుగా. మిగతా వాళ్లెవరూ ఫోనెత్తడం లేదు. నువ్వొక్క పావుగంట ఇంటర్వ్యూకి వచ్చావంటే..."

"ఏ ఉద్యోగానికండీ?" అన్నాడు ఆర్విల్.

"అదే... నీదే. ఊరికే లాంఛనానికి. నీకైతే క్లబ్బు గురించి అంతా తెలుసు కదా, ఇబ్బంది ఉండదు."

నా చేతిలో రమ్ము సీసా ఉంది. ఫోను మీద పగలగొట్టేదాన్నే గానీ అందులో ఇంకా సగం పైనే ఉంది. ఆర్విల్ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. కానీ వాడు నవ్వుతున్నాడు. సోఫా మీద బాతులు లెక్కలేకుండా అరిచేలా, కళ్లు తుడుచుకుంటూ, పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడు అంతలా నవ్వడం చిన్నప్పటి తర్వాత మళ్లీ చూడలేదు నేను.

"వస్తానండీ. కాదు, మీరే రండి. ఈ ఆదివారం, మా ఇంటికి," అన్నాడు. "హోరేస్ గారిని చక్రాల కుర్చీలో అయినా సరే తీసుకురండి. ప్రశ్నలు ఆయనే అడగాలి. మిక్కీకి కూడా."

"తప్పకుండా, తప్పకుండా," అన్నాడు థర్‌గుడ్. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఎర్రటిది మాత్రం పెట్టొద్దని మీ అక్కగారికి చెప్పు," అన్నాడు.

"మీకు కనబడనే కనబడదండీ," అన్నాను నేను వెనక నుంచి.

ఆదివారం పొద్దున్నే మిరపకాయలు తీసుకున్నాను. ఒకటి కాదు, రెండు. ఈసారి కాయపళంగా పైన పెట్టలేదు. ఎవరూ పక్కకి తీసి పడేసే వీలు లేకుండా, గింజలతో సహా సన్నగా తరిగి అన్నంలో కలిపేశాను. హోరేస్ గారికీ, మిక్కీకీ విడిగా చిన్న గిన్నెలో వండాను. ఆ తర్వాత ఫ్రిజ్ తెరిచి, ఉన్న పాలన్నీ తీసుకెళ్లి పక్కింటావిడకి ఇచ్చేసి వచ్చాను.